బండ్రికి ఏటా వెళ్ళిన రెఫరీ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మా పక్కింటి రెఫరీ పోయి నెల దాటింది. కబురు వచ్చిన పొద్దున నేను దోసె తింటున్నాను. విని, మిగిలిన దోసె కూడా తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను, రాలేదు. ఇలాంటివాడు స్మృతి రాయడమేమిటి అనిపించింది. కానీ మా షీల్డు చరిత్ర ఆయన్ను వదిలేసి చెప్పడం కుదరదు, చెప్పే ఓపిక ఉన్నవాళ్ళూ తగ్గిపోయారు.

షీల్డు అంటే మా ఊళ్ళో ఏటా జరిగే ఫుట్‌బాల్ పోటీ. ఎవరు మొదలుపెట్టారంటే ఇంటికో తాత పేరు చెబుతారు. ఇనుప గనుల్లో పనికి వచ్చినవాళ్ళు సర్వే గుంజలు పీకి గోల్ పాతారనీ, ఆ గుంజలు వెతుక్కుంటూ వచ్చిన ఓవర్సీయరు కూడా లుంగీ ఎగ్గట్టి ఆటకు దిగాడనీ మా నాన్న చెప్పేవాడు. నేను నమ్ముతాను. గుంజలు కొనే అలవాటు మావాళ్ళకు ఇప్పటికీ లేదు.

రెఫరీ బడిలో గుమాస్తా. ఆట ఉన్న రోజుల్లో ఎవరింట్లోనూ చాయ్ తాగేవారు కాదు, మా ఇంట్లో కూడా. "నా పేరు జనం నోట్లో నానిందంటే ఆ పొద్దు నేను తప్పు చేసినట్లేనప్పా" అనేవారు. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను.

మైదానం పక్కనే ఖనిజం లారీల దారి. ఆ దుమ్ముకు సగం ఆటకే రెండు జట్ల చొక్కాలూ ఒకటే ఎరుపు. అందుకని విరామంలో ఒక జట్టు డ్రమ్ములో చొక్కాలు జాడించి తొడుక్కోవాలి. ఇలాంటి నియమం ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు.

కంప్లి, బండ్రి ఊళ్ళ జట్లకు ఫైనల్ జరిగిన ఏడు డ్రమ్ములో నీళ్ళు లేవు. "మొహాలు గుర్తుపడతాలే, ఆడండప్పా" అన్నారు రెఫరీ. చివర్లో బండ్రి గోల్ ముందు గుంపులో ఎవరి చేతికో బంతి తగిలింది. బండ్రివాడి చెయ్యనుకుని కంప్లికి పెనాల్టీ ఇచ్చారు. దాంతోనే కంప్లి గెలిచింది. షీల్డు ఇచ్చేశాక, చేతికి బంతి తగిలించుకున్న ఆటగాడు కొళాయి కింద కూర్చున్నాడు. ఎరుపు కారిపోయి లోపలినుంచి కంప్లివాళ్ళ పసుపు బయటపడింది. రెఫరీ అక్కడే కాళ్ళు కడుక్కుంటున్నారు. వెళ్ళి మైకు తీసుకుని తప్పు తనదేనన్నారు. విజిల్ వేశాక ఫలితం మారదని కూడా అన్నారు. ఆ రెండో మాట విని బండ్రివాళ్ళు లారీ ఎక్కారు. మళ్ళీ షీల్డుకు రాలేదు.

అప్పటినుంచి ఏటా షీల్డు ముందు ఆయన బస్సెక్కి బండ్రి పోయి వాళ్ళను పిలిచి వచ్చేవారు. ఒకసారి నన్నూ తోడు తీసుకెళ్ళారు. ఆనాటి బండ్రి కెప్టెన్ మాకు బొరుగుల మండక్కి, మిరపకాయ బజ్జీ తెప్పించాడు.

"తిను సార్. బజ్జీల కాడ మనకేం తగాదా లేదు."

"ఈసారన్నా రండప్పా" అన్నారు రెఫరీ.

"కండ్లద్దాలు మార్చినావా?"

"అప్పుడే మార్చినా."

"అయితే ఈడ మేం బాగానే కనిపిస్తాంటాం. ఏటేటా వచ్చి చూసిపోతాండు."

రెఫరీ కూడా నవ్వారు. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "వాళ్ళొచ్చి ఆడేంతవరకూ ఆ ఫైనల్ నాకు అయిపోలేదప్పా" అన్నారు. నేను ఉల్లిగడ్డల ధర గురించి ఏదో చెప్పాను. అది కూడా ఆయన శ్రద్ధగానే విన్నారు.

ఈ ఏడు బండ్రికి ఎవరూ పోలేదు. షీల్డు కమిటీవాళ్ళు పోస్టర్లు అంటించి ఊరుకున్నారు. పోటీ మొదలైన రోజు మైదానం దగ్గర ఒక టెంపో ఆగి, కుర్రకారు దిగారు.

"యా ఊరప్పా మీది?" అన్నాను.

"బండ్రి. ఏటా వచ్చే పెద్దాయన ఈసారి రాలేదు. ఏమైనాదో చూసి రాపోండని మావోళ్ళు పంపినారు. యాడుండాడు?"

చెప్పాను. వాళ్ళు కాసేపు టెంపో పక్కనే నిలబడ్డారు. తర్వాత వాళ్ళలో పొడుగు కుర్రాడు, "చొక్కాలు తెచ్చినాం గదా, ఆడినాకే పోతాం" అన్నాడు.

కమిటీవాళ్ళు వాళ్ళకు చోటిచ్చారు. మొదటి ఆటలోనే ఓడిపోయారు. గట్టుమీద కూర్చుని అరటిపండ్లు తిని, పొద్దుండగానే టెంపో ఎక్కి వెళ్ళిపోయారు.