అవ్వ పన్ను, నా కళ్ళు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు తెలిసిన పంటి వైద్యం రెండే రకాలు. లవంగం నొక్కిపెట్టడం, అది పనిచెయ్యకపోతే పన్ను పీకించుకోవడం. (రెండోదానికి ధైర్యం లేక మొదటిదాన్నే నెలల తరబడి సాగదీసిన వీరుణ్ణి.) కన్నడ ఊరు హెబ్బగోడిలో నేను అద్దెకున్న ఇంటావిడని అందరూ అవ్వ అనేవారు. తాతలనాడే అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆవిడకీ నాకూ పైపన్నే నొప్పి. సాయంత్రమైతే మెట్ల మీద చెరో చెంపా పట్టుకుని కూర్చునేవాళ్ళం. డాక్టరు దగ్గరికి పోదామంటే, "అయ్యో, పైపన్ను ముట్టుకుంటే కండ్లు పోతాయప్పా! మా ఆడబిడ్డకి అట్లే పోయినాయి" అనేది. నమిలేవన్నీ మానేసి, చివరికి రాగిముద్ద ఒక్కటే గొంతు దిగే స్థితికి వచ్చాక బేరానికి దిగింది. "ముందు నువ్వు పోయి రా. నీ కండ్లు బాగుంటే నేనూ వస్తా."

అలా అవ్వ పన్ను బాగుపడటం నా కళ్ళ మీద ఆధారపడింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "పీకక్కర్లేదండీ, రూట్ కెనాల్ చేద్దాం. లోపల కుళ్ళిన నరం తీసి, శుభ్రం చేసి, నింపేసి, పైన క్యాప్ పెడతాం" అంది. నరం అనగానే, "అది కంటిదాకా పోతుందాండీ?" అన్నాను. "పంటి వేరులోనే ఉంటుంది" అందావిడ, నవ్వాపుకుంటూ. తీరా ఇంజెక్షన్ ఇచ్చాక చెంప దాటి కంటికిందదాకా మొద్దుబారింది. అయిపోయింది, అవ్వ మాట నిజమవుతోందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "కళ్ళు మీ ఇష్టం. నోరు మాత్రం తెరవండి" అంది డాక్టరమ్మ.

నొప్పి పోయింది, క్యాప్ కూడా వచ్చింది. అవ్వ మెత్తబడుతుండగా మా కంపెనీలో కంటి పరీక్షలు పెట్టారు. పై వరస తప్ప అక్షరాలన్నీ మసక. "ఎప్పట్నుంచి?" అన్నాడు కంటి డాక్టరు. "పన్ను బాగుచేయించుకున్నప్పట్నుంచి" అనేశాను. ఆయన పడీ పడీ నవ్వి, ఇది చిన్నప్పటి హ్రస్వదృష్టని చెప్పి అద్దాలు రాశాడు. నిజమే, బడిలో ముందు బెంచీ కోసం కొట్టుకునేవాణ్ణి. అయితే ఈ సంగతి అవ్వకి ఎవరు చెప్పాలి?

"చెప్తిని కదప్పా!" అంది అద్దాలు చూసి. చెంప పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ముద్ద కూడా తినలేదట. నాకు పాపమనిపించింది.

మర్నాడు అద్దాలు జేబులో దాచేసి, "కళ్ళు బాగైపోయాయవ్వా, ఇక ఇవి అక్కర్లేదట" అన్నాను. దూరంగా బస్సు చూపించి బోర్డు చదవమంది. ఏదో ఊరి పేరు చెప్పాను. (ఆవిడకి చదువు రాదు గనక నేను చెప్పిందే బోర్డు.) చీర మార్చుకుని బయల్దేరింది.

రోడ్డు దాటుతుంటే ఎదురొస్తున్న లారీ నాకు ఆనలేదు. అవ్వ నా మణికట్టు పట్టి వెనక్కి లాగింది. లారీ వెళ్ళిపోయాక, "నీకేమీ కనపడ్డం లేదు, బోర్డుకి కండ్లు చికిలించినప్పుడే నాకు తెలిసె" అంది.

"మరెందుకు బయల్దేరావవ్వా?"

"కనపడకున్నా నాకోసం వస్తా ఉండావు. నేను రాకుంటే ఎట్లప్పా? పా పోదాం."

ఆవిడని పళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళానని చాలాకాలం గొప్పగా చెప్పుకు తిరిగాను, వెర్రివాణ్ణి. దారి పొడుగునా చెయ్యి పట్టి నడిపించింది ఆవిడే.