లేత అరటాకు రంగు

నా చిన్నప్పుడు తిరుత్తణిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో తాత కారు చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉండేది. తాతను నేను చూడలేదు. ఆయన పోయాక ఆ కారుకు ఒకసారి ముదురు ఎరుపు, మరోసారి నలుపు పూశారట. నేను అయిదో తరగతిలో ఉండగా దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని మా చిన్నాయనకు పట్టుదల వచ్చింది. కిరాణా కొట్లో కూర్చున్నా ఆయన మనసంతా షెడ్డులోనే ఉండేది.

రేకు సొట్టలు తీసే టింకరింగ్ పని అయిపోయాక రంగు వేయడానికి మణవాళనగర్ నుంచి ఒక పెయింటర్ వచ్చాడు. మేం మామా అని పిలిచేవాళ్లం. మహా నిదానం మనిషి. వెనక సీటు పైకెత్తి, దాని కింద రేకును గరుకు ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాడు. నలుపు పోయి ఎరుపు, ఎరుపు పోయి లేత పచ్చ బయటపడ్డాయి. మా అవ్వ ఏళ్ల తరబడి చెబుతున్నది అదే. "లేత అరటాకు రంగు నాయనా, మీ నాయన ఏరికోరి కొనె" అని చిన్నాయనతో అనేది. అప్పటికే ఆమె రెండు కళ్లకూ పొర కమ్ముకొస్తోంది. ఆపరేషన్ అంటే భయం. చూపు పూర్తిగా పోయేలోపు కారును ఆ రంగులో ఒక్కసారి చూడాలన్నదే ఆమె కోరిక. ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

నా గొడవ వేరే. తిరువళ్లూరు డాక్టరొకాయన నీలం కారు రోజూ మా బడి ముందు నుంచి పోయేది. మా కారుకూ అదే రంగు వేస్తున్నారని క్లాసులో గొప్పలు చెప్పేసి కూర్చున్నాను. చిన్నాయనకూ నీలం మీద మోజుండేది. అందుకే మామ రెండు రేకు ముక్కలకు రంగులు పూసి ఆరబెట్టాడు. ఒకటి లేత పచ్చ, ఒకటి లేత నీలం. చిన్నాయన మాత్రం వాళ్లమ్మ ఏది చెబితే అదే అని తేల్చేశాడు.

"తడి మీదుండే రంగును నమ్మగూడదు పాపా. చీకట్లో అసలే నమ్మగూడదు. అవ్వను వాకిట్లోకి పిల్చి ఎండలో చూపించు" అని మామ ఆ ముక్కలు నా చేతికిచ్చాడు.

అవ్వ నడింట్లో పడుకొని ఉంది. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో మసకే. వాకిట్లోకి రమ్మని నేను పిలవలేదు. పచ్చ ముక్కను వీపు వెనక దాచుకొని, నీలం ముక్కను ఆమె చేతిలో పెట్టాను. ఆమె లేచి కూర్చొని, దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకొని, ఇటూ అటూ తిప్పింది. ముఖం వెలిగిపోయింది.

"ఇదేనే పాపా! ఇది పచ్చే గదా?"

"అవునవ్వా" అన్నాను.

ముదిరిన పొరలోంచి చూస్తే లేత నీలం పచ్చగా కనబడుతుందని పెద్దయ్యాక ఎవరో చెప్పారు. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే. ఆమె పొరబడింది, నేను దిద్దలేదు. షెడ్డుకు వచ్చి, అవ్వ నీలమే కావాలందని చెప్పాను. "ఎండలో చూపించినావా?" అని మామ అడిగాడు. చూపించినా అన్నాను. ఆయన నమ్మాడు.

కారు నీలంగా మెరిసింది. బడిలో నా మాట నిలబడింది. ఓ వారం నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ తర్వాత మొదలైంది. అవ్వ ప్రతి సాయంత్రం కారు తలుపు మీద చెయ్యేసి నిలబడి, దారిన పోయేవాళ్లను పిలిచి మరీ "చూడండమ్మా, అచ్చం లేత అరటాకు" అని చెప్పేది. వాళ్లు ఆమె ముందు ఆమా ఆమా అని తలూపి, నాలుగడుగులు వేశాక నవ్వుకునేవాళ్లు. ముసలామెకు చూపుతో పాటు మతి కూడా పోయిందని ఒకావిడ అనడం నా చెవులారా విన్నాను. ఇంట్లోవాళ్లు ఆమెకు కష్టమవుతుందని ఎవరూ దిద్దలేదు. నేను మాత్రం అక్కడ నిలబడలేక పెరట్లోకి పారిపోయేదాన్ని. అయినా నోరు విప్పలేదు.

మరుసటి ఏడాది చిన్నాయన ఎలాగో ఒప్పించి ఆమెకు తిరువళ్లూరులో ఆపరేషన్ చేయించాడు. సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చాయి. అవి పెట్టుకున్న మొదటి ఉదయం అవ్వ నేరుగా షెడ్డుకే నడిచింది. ఆమె చాలాసేపు కారునే చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది. తలెత్తలేకపోయాను.

"ఏందిమా, అరటాకు రంగని ఊరంతా చెప్తివే?" అని చిన్నాయన నవ్వాడు.

"ఊరికే చెప్తి లేరా. నీలం నేనే అడిగినా. పాత రంగు చూస్తే మీ నాయన గుర్తొస్తాడని" అంది అవ్వ. గొంతులో తేడా లేదు. కళ్లద్దాలు తీసి నా చేతికిచ్చి, "పాపా, ఇవి కొంచెం తుడిచియ్యి" అంది. తుడిచిన కొద్దీ నా కన్నీళ్లే వాటి మీద పడ్డాయి. ఆమె చేయి చాపి నిలబడింది.

పాత బండికి కొత్త రంగు వేస్తే, అసలు రంగును ఎక్కడో ఒకచోట అరచేయంత వదిలిపెట్టడం మామ వాడుక. ఆ సంగతి తెలిసి అవ్వ అప్పుడప్పుడూ వెనక సీటు ఎత్తించుకొని, ఆ పచ్చని జాగా మీద చెయ్యి పెట్టి కూర్చునేది. నేను ఆమెకు మిగిల్చింది అంతే.

ఇప్పుడు నా కళ్లకూ పొర వస్తోంది. చీర తీసి ఇది ఏ రంగే అని మనవరాలిని అడుగుతాను. ఆ పిల్ల నన్ను కిటికీ దగ్గరికి చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, చీరను వెలుతురులో పరిచి చెబుతుంది. అలా చేయమని నేనెన్నడూ చెప్పలేదు. ఆ నాలుగడుగులు నడిచేటప్పుడల్లా నాకు సిగ్గుతో ముఖం వేడెక్కుతుంది.