దొరసాని ఒట్టిపోయేదాకా

ఊళ్ళో వాళ్ళు ఆమెను ఇప్పటికీ టైలరమ్మ అనే పిలుస్తారు. ఆ పిలుపు వినబడినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది. మిషను తొక్కి ఎన్నాళ్ళయిందని! ఇంట్లోకెల్లా చల్లటి గది అదేనని చెప్పి, కుట్టు గదిని ఎప్పుడో రికోటాకి ఇచ్చేశారు. ఒకప్పుడు కుట్టిన గౌన్లు వేలాడిన ఇనప కడ్డీకి ఇప్పుడు పల్చటి గుడ్డ మూటలు వేలాడుతుంటాయి. వాటి కింద మిషను బల్ల మీద తొట్టె. తొట్టెలోకి చుక్క, చుక్క, చుక్క. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా వినబడుతుంది.

రికోటా అంటే పాలు విరగ్గొట్టి చేసే ఒక రకం జున్ను, పెద్ద విద్యేం కాదు. పాలు పొయ్యి మీద పెట్టి, అంచుల వెంట నురగ కట్టి ఇక పొంగబోతున్నాయనగా మంట ఆర్పి, వెనిగరు చిలకరించి, చెయ్యి పెట్టకుండా ఊరుకోవాలి. ఊరుకోవడమే విద్య. కాసేపటికి పాలు విరిగి మబ్బుతునకల్లా పైకి తేలతాయి. వాటిని గరిటెతో తీసి గుడ్డలో కట్టి వేలాడదీస్తే తెల్లారేసరికి మెత్తటి ముద్ద. మొదటిసారి చేసినప్పుడు ఆమెకూ ముచ్చటేసింది. రోజూ చెయ్యవలసి వచ్చినప్పుడు తెలిసింది, ముచ్చట మూన్నాళ్ళేనని.

ఇదంతా మొగుడు సర్వేయరు తెచ్చిపెట్టిన తంటా. ఊళ్ళవెంట తిరిగి అందరి పొలాలూ కొలిచీ కొలిచీ, చివరికి తనకో ముక్క కావాలనిపించి, ఊరి చివర ఈ ఇల్లూ దొడ్డీ కొన్నాడు. దొడ్లో కోళ్ళు, కూరగాయల మళ్ళు, ఒక ఆవు. ఆవు పేరు దొరసాని. కొన్నది తినకూడదు, ఉన్నది పారెయ్యకూడదు అన్నది అతని సిద్ధాంతం. సిద్ధాంతం ఎంత దూరం పోయిందంటే, వంటింటి సింకు కింద గొట్టం ఊడదీసి, దాని స్థానంలో బకెట్టు పెట్టాడు. ఈ ఇంటి నుంచి కాలవలోకి చుక్క పోవడానికి వీల్లేదు. పప్పు కడిగిన నీళ్ళు మొక్కలకి, గిన్నెలు తొలిచిన నీళ్ళు చెట్లకి. రికోటా తీశాక మిగిలే తేటనీళ్ళు? కొంత రొట్టెపిండిలోకి, కొంత సూపులోకి, మిగతాది బకెట్లోకి. పాలు బిందెడైతే తేటనీళ్ళు ముప్పాతిక బిందె. ఎంత రొట్టె తింటారు మనుషులు?

సెలవురోజుల్లో సర్వేయరు స్నేహితులు కార్లేసుకుని వచ్చేవాళ్ళు. "ఎంత అదృష్టమండీ మీది! స్వచ్ఛమైన బతుకంటే ఇదీ" అని మళ్ళ గట్ల మీద నిలబడి నిట్టూర్చేవాళ్ళు. పోతూ పోతూ తలా ఒక గిన్నెడు రికోటా పట్టుకుపోయేవాళ్ళు. గిన్నెలు మాత్రం తిరిగొచ్చేవి కావు. సాదాసీదా జీవితాన్ని పొగిడేవాళ్ళలో ఒక్కరికైనా దాని అంట్లగిన్నెలు ఎన్నో తెలిసుంటే బాగుండునని టైలరమ్మ అనుకునేది. వాళ్ళ ముందు నవ్వేది. అలా నవ్వినందుకు ఆ రోజంతా తన మీద తనకే చిరాకు.

దొరసాని చూడితో ఉంది. పశువుల డాక్టరు వచ్చి, పొట్ట తడిమి, చెయ్యి కడుక్కుంటూ, "ఇక పాలు తియ్యడం ఆపెయ్యండి. ఈనేముందు దాని ఒంటికి విశ్రాంతి కావాలి. దాణా మానెయ్యండి, ఎండుగడ్డి వెయ్యండి, పితకడం పూటపూటకీ తగ్గించండి. అదే ఒట్టిపోతుంది" అంది. ఆ మాట వింటుంటే టైలరమ్మకి ఎవరో కిటికీ తెరిచినట్టనిపించింది. ఆవుకి విశ్రాంతి అంటే తనకీ విశ్రాంతే. పాలు లేవు, మూటలు లేవు, ఆ గది ఖాళీ.

అదే వారంలో బస్టాండు పక్క హోటలామె సంతలో ఎదురుపడింది. "టైలరమ్మా, గదులన్నిటికీ కొత్త కర్టెన్లు కావాలి. నువ్వు కుడతానంటే నీకే ఇస్తా. జనం రావడం మొదలయ్యేలోపు అవ్వాలి. అవుతుందా అవదా, నాన్చకుండా చెప్పు." టైలరమ్మ నాన్చలేదు. సంచిలో ఉల్లిపాయలు మోస్తూనే అవుతుందని మాటిచ్చేసింది. ఇంటికొచ్చి చెబితే సర్వేయరు కళ్ళజోడు సర్దుకుని, "సరే, ఆవు ఒట్టిపోనీ. గది నీదే" అన్నాడు. ఆ "ఒట్టిపోనీ" అన్న మాటలో ఎంత మెలిక ఉందో ఆమెకు అప్పుడు తట్టలేదు.

దాణా ఆపారు. ఎండుగడ్డి వేశారు. సాయంత్రం పితకడం మానేశారు. రోజులు గడుస్తున్నాయి కానీ దొరసాని పాలు తగ్గవే! తెల్లారేసరికి పొదుగు రాయిలా బిగిసిపోయి, నొప్పికి అది కాళ్ళు మార్చి మార్చి అరిచేది. చూస్తూ ఊరుకోలేక టైలరమ్మ పితికేది. పితికితే తపేలా నిండేది. నిండిన తపేలా పొయ్యి ఎక్కేది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు మూత తీసి లోపలికి తొంగిచూసేది. హైస్కూల్లో చదువుతోంది, నోరు మాత్రం కాలేజీకెళ్ళింది.

"అమ్మా, ఇవాళ దాన్ని ఎక్కడ దాచావు? వెతుక్కోవాలా, అదే ఎదురొస్తుందా?"

"సూపులో ఉండలు చేశాను. వంకాయల్లో కూరాను. నోరుమూసుకుని తిను."

"నిన్న ఆమ్లెట్లో వచ్చింది. పొద్దున తేనెలో ముంచుకుని బాక్సులోకి వచ్చింది. స్కూల్లో నాతో ఎవరూ బాక్సు మార్చుకోవట్లేదు తెలుసా? మూత తియ్యకముందే పారిపోతున్నారు."

"బలం," అన్నాడు సర్వేయరు, సూపులోంచి తలెత్తకుండా.

"బలమే నాన్నా. మోయలేకపోతున్నాను."

పళ్ళు లేని అత్త మాత్రం గిన్నె నాకినంత శుభ్రంగా తినేది. "మెత్తగా ఉందమ్మాయ్. నాకు ఇదే హాయి." ఆ మెచ్చుకోలు వింటే టైలరమ్మకి ఏడుపు ముంచుకొచ్చేది. మిగిలినవాళ్ళు విసుక్కుంటే తను ఎదురు విసుక్కోవచ్చు. ఈవిడ మెచ్చుకుంటుంటే ఏం చేస్తుంది?

డాక్టరు మళ్ళీ వచ్చింది. పొదుగు నొక్కి చూసి మొహం చిట్లించింది. "నిజంగా ఎండుగడ్డేనా వేస్తున్నారు?"

"నా చేత్తో నేనే వేస్తున్నానండీ."

"మరి పాలు ఆకాశం నుంచి పడుతున్నాయా? ఇలాగే సాగితే రేపు ఈనేసరికి దీనికి ఓపిక ఉండదు. పొదుగువాపు గానీ వచ్చిందా, ఆవుకీ దూడకీ రెండింటికీ ముప్పే." కసిరినట్టే మాట్లాడి బండెక్కింది. తప్పు చేసినదానిలా గుమ్మంలో నిలబడిపోయింది టైలరమ్మ. ఏం తప్పో తెలిస్తే బాగుండు.

హోటలామె ఇంక ఆగలేక కబురు పంపింది: కిటికీల కొలతలైనా తీసుకుని పొమ్మని. టైలరమ్మ ఎన్నాళ్ళకో టేపు మెళ్ళో వేసుకుని వెళ్ళింది. మేడమీద గదుల్లో ఒక్కో కిటికీ కొలుస్తుంటే చేతులు వాటంతటవే పనిచేశాయి. మడత ఎంత, కుచ్చులెన్ని, అంచు ఎంత వదలాలి, అన్నీ వేళ్ళ చివరే ఉన్నాయి. హోటలామె గుమ్మానికి ఆనుకుని చూస్తూ, "ఈ చేతుల్ని పట్టుకెళ్ళి పాలల్లో ముంచావటే!" అంది. నవ్వుకోవాలో చెంపదెబ్బ అనుకోవాలో తెలియలేదు. వచ్చేవారం గుడ్డ పంపిస్తుందట. వచ్చేవారానికి గది కావాలి.

అనుకున్నదానికన్నా ముందే ఇంటికొచ్చింది. వీధి తలుపు లోపల గడియ వేసి ఉంది. దొడ్డివైపు తిరిగి వచ్చేసరికి కొట్టం దగ్గర అత్త కనబడింది. చీరకుచ్చిళ్ళు ఎగదోపుకుని, సింకు కింద బకెట్టు తెచ్చి, కుడితితొట్టిలోకి వంపుతోంది. తొట్టి చుట్టూ తవుడు. దొరసాని మూతి ముంచి, చెవులు ఆడిస్తూ, గడగడా తాగుతోంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"కనబడట్లేదా? దాహం తీరుస్తున్నా. వట్టి ఎండుగడ్డి పడేస్తే నోరులేని జీవం ఎలా బతుకుతుంది? కడుపుతో ఉంది కూడానూ."

"అవి రికోటా తేటనీళ్ళు కదా!"

"మరి పారబోయమంటావా? నీ మొగుడు గొట్టం పీకేశాడాయె. బకెట్టు నిండితే నేనెక్కడికి పోను? మొక్కలకి పోస్తే మొక్కలు మాడిపోతున్నాయి. కోళ్ళకి పెడితే కోళ్ళు పారుకుంటున్నాయి. ఇది మాత్రం ఎంత పోస్తే అంత తాగేస్తుంది, పిచ్చితల్లి."

"తవుడు కూడానా?"

"వట్టి నీళ్ళు తాగుతుందా ఏవిటి? ఏదో ఒక గుప్పెడు."

గుప్పెడు కాదు. సంచి సగానికొచ్చింది.

టైలరమ్మ కొట్టం గుంజకి చేరగిలబడింది. తను పాలు విరగ్గొడుతోంది. విరిగిన పాల నీళ్ళు ఆవు తాగుతోంది. తాగి మళ్ళీ పాలిస్తోంది. ఇన్నాళ్ళూ తన మెడకి తాడు తనే పేనుకుంటోంది, వెనిగరు చల్లి మరీ. ముసలావిడ మీద అరవబోయి ఆగింది. పారబోయొద్దన్న ఇంట్లో పారబోయకుండా పని చేసింది ఆవిడ. ఇందులో ఆవిడ తప్పేముంది?

సాయంత్రం సర్వేయర్ని నిలదీసింది.

"నాకు తెలుసు," అన్నాడు తాపీగా. "అమ్మ పోస్తుంటే చూశాను. కాలవలో పోసేకంటే మేలేగా అనుకున్నా." బల్ల మీద వేలితో గుండ్రంగా గీశాడు. "చూడు, ఎక్కడా వృథా లేదు. ఆవు, పాలు, రికోటా, తేట, మళ్ళీ ఆవు. ఎంత చక్కటి చక్రం!"

"ఆ చక్రం కింద నలిగేది ఎవరండీ?"

అతను వేలు ఎత్తేశాడు.

ఆమె ఇంకేం వాదించలేదు. కుట్టు గదిలోకి వెళ్ళి కడ్డీ మీద మూటలన్నీ విప్పి, తొట్టెలో పడేసి, తొట్టె తెచ్చి మొగుడి ముందు పెట్టింది. మిషను మీది అట్టతీసి, పాలమరకలు గీకి, చక్రంలో నూనె వేసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి చెప్పింది: "రేపట్నుంచి పాలు మీవి. పితికేది మీరే, విరగ్గొట్టేది మీరే, వండేది మీరే. తేటనీళ్ళు ఎవరి నోట పోస్తారో అదీ మీ ఇష్టమే."

"నా చేతికి దొరసాని పాలు చేపదే!"

"బతిమాలుకోండి."

మర్నాడు సర్వేయరు బతిమాలుకున్నాడు. గంగడోలు నిమిరాడు. దొరసాని తోకతో కళ్ళజోడు ఎగరగొట్టింది. ఎలాగో సగం తపేలా తెచ్చి పొయ్యి మీద పెట్టి, పక్కన పుస్తకం తెరిచాడు. పుస్తకంలో పేజీ తిరిగేలోపు పాలు పొంగి పొయ్యంతా ఏరైంది. మిగిలినవాటిలో, పాలు విరగలేదనుకుని, వెనిగరు మళ్ళీ మళ్ళీ పోశాడు. రాత్రి కూతురు దాన్ని ఫోర్కుతో పొడిచి చూసింది.

"నాన్నా, ఇది తినడానికా, పెన్సిలు గీతలు చెరపడానికా?"

"బలం," అనలేదు సర్వేయరు ఈసారి. అత్త ఒక్క ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఎవరూ చూడట్లేదనుకుని చెంగులో దాచేసుకుంది.

తలుపు మూసిన గదిలోంచి టైలరమ్మకి అన్నీ వినబడేవి. తపేలా పడ్డ చప్పుడు. బకెట్టు మోసుకుంటూ అతను రొప్పే చప్పుడు. జామచెట్టు మొదట్లో పోస్తే ఆకులు పసుపెక్కాయని అతని గొణుగుడు. గడప దాటి వెళ్ళి సాయం చెయ్యాలని చేతులు పీకేవి. ఆ చేతుల్నే బలవంతంగా గుడ్డ మీద పెట్టి కత్తిరించేది. చివరికి ఒక మధ్యాహ్నం దొడ్లోంచి అతని కేక వినబడింది.

"అమ్మా! ఆవుకి ఇంక ఒక్క చుక్క పొయ్యకు! నా వల్ల కాదు!"

"మరి ఎక్కడ పొయ్యనురా?"

తర్వాత వంటింట్లో స్పానరు చప్పుడు. ఆ తర్వాత, ఎన్నాళ్ళకో, సింకు గుటకలేసింది. గుడగుడమంటూ దీర్ఘంగా, దప్పిక తీరినట్టు తాగింది. టైలరమ్మ పెడలు మీద కాలు ఆపి, చివరి గుటక దాకా విన్నది.

తేట తప్పాక దొరసాని పాలు పూటపూటకీ సన్నగిల్లాయి. డాక్టరు వచ్చి చూసి, "ఇప్పుడు దారిలో పడింది," అంది. ఆ వారం కార్లలో వచ్చిన స్నేహితులకి సర్వేయరు గట్టు మీద నిలబడి వివరించాడు: "ప్రకృతిలో ప్రతి జీవికీ విశ్రాంతి హక్కు. అందుకే ఈ పద్ధతి పెట్టాను." వాళ్ళు ఆహా అన్నారు. కిటికీలోంచి విన్న టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. లేకపోతే ఏం అనేదో ఆమెకే తెలియదు.

కర్టెన్లు ఒక్కొక్కటీ పూర్తవుతున్నాయి. ఇనప కడ్డీకి ఇస్త్రీ చేసి వేలాడదీస్తోంది. హోటలామె చూడ్డానికొచ్చి, ఒక అంచు ముక్కు దగ్గర పెట్టుకుని, "బ్రహ్మాండం. కానీ పాలవాసనొస్తోందేంటి టైలరమ్మా?" అంది.

"గాలికి పోతుందిలే."

ఆమె వెళ్ళాక సర్వేయరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కర్టెన్లు బరువుగా వేలాడుతున్న కడ్డీని ఆ చివర నుంచి ఈ చివరదాకా కళ్ళతోనే కొలిచాడు.

"దూడ పుట్టాక," అన్నాడు మెల్లగా, "మూటలు మళ్ళీ ఎక్కడ కడదామంటావు?"

టైలరమ్మ తలెత్తలేదు. నోట్లోంచి ఒక గుండుసూది తీసి మడతకి గుచ్చింది. కాలు పెడలు మీద వేసి, అతని తర్వాతి మాట వినబడనంత గట్టిగా తొక్కింది.