లిఫ్టాయన పెట్టిన షరతు

ఏ మేడలో లిఫ్టు మొరాయించినా ఆయనకే కబురు వెళ్తుంది కాబట్టి అందరూ ఆయన్ని లిఫ్టాయన అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. మోటారు చప్పుడు వింటే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం ఆయన మాట ఎవరికీ అంత తొందరగా ఎక్కదు.

కూతురు స్కూలు చివరి పరీక్ష సైన్సుతో శుభ్రంగా పాసైంది. ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ కోర్సుకి తండ్రి సీటు కూడా చూసిపెట్టాడు. తీరా చేరాల్సిన వారంలో ఆ పిల్ల, కాలేజీలో సాహిత్యం చదువుతానని భీష్మించుకు కూర్చుంది. దానికి స్కూలు స్థాయి సాహిత్యం పేపరు పాసై ఉండాలట. ఒక్క ఏడాది ఇంట్లోనే ఉండి, సొంతంగా చదివి, ప్రైవేటుగా పరీక్ష కడతానంది. కథలు చదవడానికి ఏడాది ఎందుకో లిఫ్టాయనకి బొత్తిగా అర్థం కాలేదు. చివరికి షరతు పెట్టాడు: ఎ గ్రేడు వస్తే కాలేజీ, రాకపోతే నోరెత్తకుండా ల్యాబు. కూతురు సరేనంది. రెండు నెలలు పోతే విసుగొచ్చి తనే దారికొస్తుందని ఆయన ధీమా.

విసుగు రాలేదు గాని వేరే చిక్కు వచ్చింది. సాహిత్యం ఒక్కరే చదివితే తలకెక్కదట, ఎదురుగా కూర్చుని కాదనేవాళ్లు ఒకరు ఉండాలట. స్నేహితులంతా కాలేజీల్లో చేరిపోయారు. తల్లి ఇంట్లో స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ దేనికైనా తలూపేస్తుంది, వాదన అక్కడితో చచ్చిపోతుంది. ఇక మిగిలింది తండ్రి. కాదనడంలో ఆయన్ని మించినవాడు ఆ వీధిలోనే లేడు. పరీక్ష జాబితాలో ఉందని సెకండ్‌హ్యాండులో కొన్న నవలని కూతురు ఆయన పనిముట్ల సంచీలో పడేసి, ఊరికే ఒకసారి చూడమంది.

ఆ నవలలో పోస్టాఫీసు ఉద్యోగిని ఒకావిడ ఒక ఉత్తరాన్ని బట్వాడా చెయ్యకుండా పదకొండేళ్లు దాచిపెడుతుంది. లిఫ్టాయన మేడల మీద మోటారు గదుల్లో, భోజనాల వేళ చదివాడు. పూర్తయిన రోజు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా విరుచుకుపడ్డాడు. చేతిలో ఉన్న ఉత్తరం ఇచ్చేస్తే రెండు పేజీల్లో తేలిపోయేదానికి ఇంత ఏడుపేమిటి, పదకొండేళ్లలో ఆ ఆఫీసులో ఒక్క తనిఖీ అయినా జరగలేదా, పై అధికారులు గాడిదలు కాస్తున్నారా అని నిలదీశాడు. కూతురు కిక్కురుమనకుండా అన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, జవాబులు వెతికి మర్నాడు అప్పజెప్పింది. ఆయన వాటికీ అడ్డం తిరిగాడు. అలా ఎనిమిది నెలలు ఇద్దరూ ఇల్లు పీకి పందిరేశారు. మధ్యలో కవితలూ వచ్చాయి. దీపం ఆరిపోయిన వీధి మీద ఒక కవిత విని, ఇంతకీ కరెంటాఫీసుకి ఎవరైనా ఫోన్ చేశారా అని ఆయన అడిగాడు. ఆ పిల్ల అదీ రాసుకుంది.

పరీక్ష ఐదు వారాలుందనగా కూతురికి జ్వరం తగిలి, హాల్ టికెట్ తేవడానికి లిఫ్టాయన పరీక్షల ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ గోడ మీద ఆ సంవత్సరపు పుస్తకాల జాబితా అంటించి ఉంది. కాగితం కనబడితే చివర తేదీ దాకా చదవందే కదలడు ఆయన. జాబితాలో ఆ నవల లేదు. మూడుసార్లు వెతికాడు. దాని బదులు ఏదో నాటకం ఉంది. బడికెళ్లే పిల్లలకైతే మాస్టర్లు చెప్పి ఉంటారు, ఇంట్లో కూర్చుని చదివేదానికి చెప్పే దిక్కెవరు? కూతురు ఇన్నాళ్లూ చదివింది కిందటేడు జాబితా.

తిరుగు బస్సులో ఆయనకి పాడు ఆలోచన ఒకటి వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. పిల్ల పరీక్ష తప్పుతుంది, అన్నమాట ప్రకారం ల్యాబులో చేరుతుంది, తన చేతికి మట్టైనా అంటదు. రెండు స్టాపులు ఆ ఆలోచనతోనే కూర్చున్నాడు. మూడో స్టాపులో దిగి, పుస్తకాల షాపుకి నడిచి, ఆ నాటకం మూడు కాపీలు కొన్నాడు.

ఇంట్లో అడుగు పెడుతూనే, "ఆవిడ ఉత్తరం ఇస్తే ఎంత, ఇవ్వకపోతే ఎంత. ఆ పుస్తకం తీసేశారు," అన్నాడు. కూతురి మొహం పాలిపోయింది. ఏడుపు మొదలయ్యేలోపు కొత్త పుస్తకం చేతిలో పెట్టి మొదటి పేజీ తీయమన్నాడు.

నాటకమంటే గొంతులు కావాలి. తల్లి మిషను తొక్కుతూనే మహారాణి అయింది. యుద్ధం ప్రకటించినా కాలరు బిగుతైందా అని అడుగుతున్నట్టే ఉండేది. లిఫ్టాయనకి ముగ్గురు మంత్రులు, ఒక దొంగ, ఒక శవం, ఇన్ని వేషాలు వచ్చాయి. శవానికి మాటల్లేవని ఆయన కాస్త నొచ్చుకున్నాడు. ఐదు వారాలు అదే పని.

ఫలితాల్లో బి గ్రేడు వచ్చింది. కాలేజీకి బి చాలు. లిఫ్టాయనకే చాలదు.

కూతురు ఎవరూ అడక్కుండానే ల్యాబు కోర్సు ఫారం నింపి తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"సంతకం పెట్టు నాన్నా. మాటంటే మాటే."

ఆయన కోరుకున్నదే అది. పెన్ను అందుకున్నాడు కూడా. కానీ పెన్ను పక్కన పెట్టేశాడు.

"జాబితా చూసిన రోజు నీకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను, తెలుసా?"

కూతురు తెల్లబోయింది. మిషను చప్పుడు ఆగింది.

"మరి చెప్పావుగా?"

"చెప్పాను. నువ్వు పరీక్ష తప్పితే చూడలేనని బస్సులో కూర్చున్నాకే తెలిసింది నాకు. అది తెలిశాక ఈ కాగితం మీద ఎలా పెట్టమంటావే సంతకం? షరతు పెట్టింది నేను. మాట తప్పేది కూడా నేనే. నీకేం సంబంధం లేదు."

ఆ పిల్ల ఆయన మోకాళ్ల మీద తల పెట్టి భోరుమంది. లిఫ్టాయన ఆ తల నిమిరాడు. తర్వాత, ఏడ్చింది చాల్లే, కాలేజీ ఫారం పట్రమ్మన్నాడు.