చేతులెత్తిన మధ్యాహ్నం

నేను ఎన్నికకు నిలబడింది ఆటకు సేవ చెయ్యాలని కాదు, ఒక మనిషిని కుర్చీలోంచి దింపాలని. తర్వాత చాలామంది నన్ను పొగిడారు, ఆడదానివై ఉండి ధైర్యంగా ముందుకొచ్చావన్నారు. నేను కాదనలేదు. అసలు సంగతి మాత్రం ఇదే.

తొంభైల మొదటి మాట ఇది. భిలాయి అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో, కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. నేను సెక్టర్ 2లో పుట్టి పెరిగాను. చదువయ్యాక టౌన్‌షిప్‌లోనే ఒక బడిలో పీటీ టీచరుగా చేరాను. సెక్టర్ 7లో నా పేర క్వార్టరు వచ్చాక అమ్మా నాన్నా నా దగ్గరకే వచ్చేశారు. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళు చేతికిచ్చిన రైఫిలును నేను మళ్ళీ వదల్లేదు. బోర్లా పడుకుని, భుజానికి రైఫిలు ఆనించి, ఊపిరి బిగపట్టి గుండు వదిలే ఆ ఆట తప్ప నాకు వేరే సరదా ఉండేది కాదు. చీరలు కొనుక్కోలేదు, సినిమాలకు పోలేదు. ఆదివారం తెల్లారితే గురి కొట్టే రేంజికి వెళ్ళేదాన్ని. అంతే నా లోకం.

మా చుట్టుపక్కల ఊళ్ళ రైఫిలు క్లబ్బులన్నీ కలిపి ఒక ప్రాంతీయ సంఘం ఉండేది. దానికి కార్యదర్శిగా ఏళ్ళ తరబడి ఒకాయనే ఉన్నాడు. మావాడే, తెలుగువాడే. కాకపోతే ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు. మా నాన్న ఆయన కింద పనిచేసిన వాడు. తూటాలు బయట దొరికేవి కావు. సంఘానికి వచ్చిన కోటాలోంచి ఏ క్లబ్బుకు ఎన్ని ఇవ్వాలో ఆయనే చెప్పాలి. ఆయుధాల గది తాళాలు ఆయన జేబులోనే. ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు అన్నది ఆయన నోటిమాట.

ఆ ఏడు రాష్ట్రపోటీలకు అమ్మాయిల జట్టు కోసం మా రేంజిలో సెలక్షన్లు పెట్టారు. నేను ఆ రోజు కొట్టినట్టు మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు. లేచి నిలబడేసరికి పక్కవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. కార్యదర్శి గారు నా టార్గెట్ కాగితం చేత్తో పట్టుకుని చూసి, ఆఖరి గుళ్ళు విజిల్ అయ్యాక కొట్టావు, అవి లెక్కలోకి రావు అన్నాడు. నేను కొట్టేసరికి విజిల్ ఇంకా మోగనే లేదు. నా తర్వాత స్థానంలో ఉన్నది ఆయన కోడలు.

కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా నా నోట మా ఇంటి భాషే వస్తుంది. "అదేటి సార్, విజిలు అవకముందే కొట్టీసినాను కదా" అన్నాను.

ఆయన నవ్వాడు. పక్కనున్న ఆఫీసర్ల వైపు తిరిగి, నా గొంతు అనుకరిస్తూ, "అదేటి సార్, కొట్టీసినాను కదా" అన్నాడు. తెలుగు వచ్చినవాళ్ళు నవ్వారు. రానివాళ్ళు వాళ్ళను చూసి నవ్వారు. "ముందు తెలుగు నేర్చుకో అమ్మాయ్, తర్వాత రైఫిలు పట్టుకుందువు గాని" అని ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

కోడలు రాష్ట్రపోటీలకు భోపాల్ వెళ్ళింది. నేను ఇంటికి వెళ్ళాను. లూనా మీద వస్తుంటే దారంతా ఎండగాలి మొహాన కొట్టింది. ఇంటికెళ్ళి అన్నం తిని, బడి పిల్లల ఆటల పోటీల జాబితా రాసుకుని మామూలుగానే ఉన్నాను. అమ్మ కూడా కనిపెట్టలేదు. లోపల మాత్రం ఒక్కటే మాట తిరుగుతోంది. నీ జేబులో ఉన్నదంతా బయటికి తీయిస్తాను అని.

మరుసటి ఏడు సంఘం ఎన్నికలు వచ్చాయి. ఎప్పుడూ ఆయన మీద ఎవరూ నిలబడేవారు కాదు. నేను నామినేషన్ వేశానని తెలిసి అందరూ వేళాకోళం అనుకున్నారు. ఒక్క మనిషి మాత్రం అనుకోలేదు. ఊరి పక్క పారిశ్రామిక వాడ హథ్‌ఖోజ్‌లో చిన్న వర్క్‌షాపు నడిపే ఒక పంజాబీ భయ్యా. ఫ్యాక్టరీ కుర్రాళ్ళతో ఒక క్లబ్బు పెట్టుకుని, తూటాల కోసం కార్యదర్శి ఇంటి వరండాలో గంటలు గంటలు కూర్చునేవాడు. లోపలికి రమ్మనేవారు కాదు, టీ ఇచ్చేవారు కాదు. నేను వెళ్ళి అడిగేసరికి లేతు మిషను ఆపించి, చేతులు తుడుచుకుని, "దీదీ, ఈ మాట కోసమే చూస్తున్నా" అన్నాడు హిందీలో.

ఒక్కో క్లబ్బుకూ ఒక్కో ఓటు. ఆ ఓటు వేయడానికి క్లబ్బు తరఫున ఒక ప్రతినిధి వస్తాడు. వేసవి సెలవుల్లో భయ్యా, నేనూ ప్యాసింజర్ బళ్ళలో ఊరూరూ తిరిగాం. రాయ్‌పూర్ వెళ్ళాం, రాజనందగావ్ వెళ్ళాం, బిలాస్‌పూర్ వెళ్ళాం. ప్రతిచోటా నేను గెలిస్తే ఏం చేస్తానో చెప్పడానికి నోరు తెరిచేదాన్ని. వాళ్ళు వినేవారు కాదు. ఆయన తమకేం చేశాడో చెప్పడం మొదలుపెట్టేవారు. ఒకాయన కొడుకును పోటీ మధ్యలో లేపి పంపేశాడట. ఇంకొక ఊళ్ళో క్లబ్బు ప్రారంభానికి పిలిస్తే వచ్చి, భోజనం బాగాలేదని పళ్ళెం తోసేశాడట. నేను తలాడిస్తూ వినేదాన్ని. మొదట్లో జాలివేసేది. తర్వాత తర్వాత జాలి పోయి, బండెక్కి తిరిగి వస్తుంటే కడుపు నిండినట్టుండేది. నా కోపానికి తోడు దొరికింది.

ఆయనకు కబురు అందింది. ఒక సాయంత్రం మా క్వార్టరుకు వచ్చాడు. స్వీట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. మా నాన్న ఆయన్ని చూసి లేచి నిలబడిపోయాడు. ఆయన మా కుర్చీలో కూర్చుని, ఏమయ్యా బాగున్నావా, నీ మోకాలు ఎలా ఉంది అని అడుగుతున్నాడు. నాన్న నిలబడే జవాబు చెబుతున్నాడు. తన ఇంట్లో, తన కూతురి క్వార్టరులో. కూర్చోమని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

అమ్మాయిని నామినేషన్ వెనక్కి తీసుకోమను, మహిళా విభాగం బాధ్యత ఇస్తాను, వచ్చే పోటీలకు నేనే పంపిస్తాను అని నాన్నతో చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. నాతో చెప్పలేదు.

ఆయన వెళ్ళాక నాన్న గోడకు చేరబడి, "అంత పెద్దాయన మనింటికొచ్చి అడిగినాడు. మనకెందుకమ్మా ఈ గొడవ" అన్నాడు.

"నువ్వు ఎందుకు నిలబడ్డావు నాన్నా?" అన్నాను.

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఏటి?" అన్నాడు. నేను స్వీట్ల డబ్బా తీసుకెళ్ళి వీధిలో ఆడుకుంటున్న పిల్లలకు ఇచ్చేశాను. అంతవరకు కార్యదర్శిని ఓడిస్తే చాలనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి అది చాలదనిపించింది. ఓడిపోవడం అందరూ చూడాలి, ఆయన వాళ్ళను చూడాలి.

ఎన్నిక దుర్గ్‌లో ఒక క్లబ్బు హాల్లో పెట్టారు. ఎండ మండిపోతోంది. కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లారు. పొడుగాటి బల్ల చుట్టూ ప్రతినిధులు కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు, ఒక రిటైరైన పోలీసు అధికారి, బల్ల చివర కూర్చున్నాడు. కార్యదర్శి గారు ముందే తన ఏర్పాట్లు చేసుకున్నాడు. దుర్గ్ క్లబ్బు ఓటు చేజారకూడదని తన కోడలినే ప్రతినిధిగా పెట్టించాడు. ఆమె జరీ అంచు చీరలో, తల దించుకుని కూర్చుంది. ఆమెను చూడగానే నాకు ఒళ్ళు మండింది. నా భోపాల్ ఆమె దగ్గర ఉంది.

చీటీల మీద రాసి ఇవ్వమని అధ్యక్షుడు చెప్పబోతుండగా నేను లేచాను. చేతులెత్తి ఓటు వేయాలని అడిగాను. భయ్యా బల్ల కింద నా కాలు తొక్కాడు. మేం ముందే మాట్లాడుకున్నాం, చీటీలైతేనే మనకు మంచిది, ఆయన ఎదుట చెయ్యెత్తడానికి అందరూ భయపడతారు అని. నిజమే. అది నాకూ తెలుసు. కానీ చీటీల్లో గెలిస్తే ఎవరు తనను కాదన్నారో ఆయనకు తెలియదు. ఆయన ఇంటికెళ్ళి, ఎవరో ఇద్దరు ముగ్గురు దొంగలు మోసం చేశారనుకుని నిద్రపోతాడు. నేను అది భరించలేను. ఓడినా సరే అనుకున్నాను.

కార్యదర్శి గారు నవ్వి, "నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. నేను నా గొయ్యి నేనే తవ్వుకున్నానని ఆయన అనుకున్నాడు. హాల్లో సగం మంది అదే అనుకున్నారు.

ముందు ఆయన పేరు చదివారు. చేతులు లేచాయి. వాటిలో రెండు, మాకు ఓటు వేస్తామని ఒట్టు పెట్టి చెప్పినవాళ్ళవి. వాళ్ళు నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ ఎత్తారు. అధ్యక్షుడు లెక్కపెడుతూ బల్ల చివరిదాకా వచ్చాడు. కోడలి చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఆమెకు వినపడలేదనుకున్నాడు మామగారు. "అమ్మా, చెయ్యి" అన్నాడు మెల్లగా.

ఆమె బల్లవైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత నా పేరు చదివారు. భయ్యా చెయ్యి మొదట లేచింది. తర్వాత రాజనందగావ్, బిలాస్‌పూర్. పళ్ళెం తోసేయించుకున్నాయన చెయ్యి అందరికన్నా ఎత్తుగా లేచింది. ఆఖర్న ఆమె ఎత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఆ ఒక్క చేతితో నేను గెలిచాను.

నేను ఆమె వైపు చూడలేదు. ఆయన మొహమే చూశాను. ముందు నవ్వు అలాగే ఉండిపోయింది. తర్వాత మొహమంతా దాని చుట్టూ కూలిపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మొహాన్ని అలా ఊహించుకుంటూ నిద్రపోయినట్టు అనిపించింది నాకు. ఊహించుకున్నదాని కన్నా బాగుంది.

ఆయన లేచి, అప్పగింతలు తర్వాత తీరిగ్గా మా ఇంట్లో చేసుకుందాం అన్నాడు. ఇక్కడే ఇవ్వండి సార్, ఆయుధాల గది తాళాలు ఇవ్వండి అన్నాను. అధ్యక్షుడు కూడా ఇవ్వడమే పద్ధతి అన్నాడు. ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. ఇంటి తాళాలు, కారు తాళం, సంఘం తాళాలు అన్నీ ఒకే రింగుకు ఉన్నాయి. రింగు బిగుతుగా ఉంది. గోటితో విప్పబోతే జారిపోతోంది. హాల్లో ఎవరూ సాయం రాలేదు. నేను చెయ్యి చాపి నిలబడ్డాను. తొందరేం లేదు సార్ అన్నాను. ఆయన గోరు విరిగింది. నాకు జాలివేయలేదు. ఇప్పటికీ వేయదు.

బయటికి వచ్చాక పంపు దగ్గర ఆయన కోడలు మొహం కడుక్కుంటోంది. మామగారు కారెక్కి ఆమెను వదిలేసి వెళ్ళిపోయాడు. ఎందుకు చేశావని అడిగాను. కృతజ్ఞత చెప్పడానికి కాదు, తెలుసుకోవాలని.

భోపాల్‌లో తను అందరికన్నా ఆఖర్న వచ్చిందట. అప్పట్నుంచి రోజూ అన్నాల దగ్గర ఆయన అదే మాట ఎత్తుతాడట. తన పరువు తీసిందని, వచ్చినవాళ్ళందరి ఎదుటా చెప్పి నవ్విస్తాడట. తను వెళ్తానని అడగలేదు. పంపింది ఆయనే.

"నీతో న్యాయం గురించి మాట్లాడను" అంది. "చీటీలైతే ఆయన పేరే రాసేదాన్ని. చేతులెత్తాలన్నావు చూడు, అప్పుడు అనిపించింది. ఒక్కసారి ఆయన మొహం చూడాలని."

నేనూ అందుకే అడిగానని ఆమెకు చెప్పలేదు. ఆమె పుట్టింటికి వెళ్తానంటే భయ్యా స్కూటర్ మీద స్టేషన్లో దింపాడు. మేం స్నేహితులం కాలేదు. కొన్ని నెలల తర్వాత మొగుడితో కలిసి వేరు కాపురం పెట్టిందని విన్నాను. సెలక్షన్లకు మళ్ళీ వచ్చింది. ఆమెకు వచ్చిన మార్కులతో జట్టులో చోటు రాలేదు. నేను ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

కార్యదర్శిగిరీ నా ఆటను తినేసింది. ఆదివారాలన్నీ తూటాల పంపకాలకు, పోలీసు పర్మిషన్లకు, ఊళ్ళ తగువులకు సరిపోయేవి. రైఫిలు పట్టుకుంటే భుజం కుదిరేది కాదు. నేను రాష్ట్రానికి ఎప్పుడూ ఆడలేదు. పాత కార్యదర్శి మామూలు సభ్యుడిగా క్లబ్బులో ఉండి తూటాలకు దరఖాస్తు పెట్టేవాడు. మా పద్ధతి ప్రకారం వరుసలో నిలబడాలి. ఆయన నిలబడేవాడు. ఆయన వంతు వచ్చినప్పుడే పిలిచేదాన్ని, ఒక్క నిమిషం ముందు కాదు. ఎవరో పెద్దాయన కదా కుర్చీ వెయ్యమంటే, అందరికీ వేస్తే ఆయనకూ వేద్దాం అన్నాను.

నాన్న ఒకరోజు రేంజికి వచ్చి అది చూశాడు. ఇంటికొచ్చాక, "ఇంక సాలమ్మా. ముసిలోడయిపోనాడు" అన్నాడు.

"నాకు చాలలేదు నాన్నా" అన్నాను. నాన్న కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చున్నాడు.

తొంభైల చివర్లో పాత కార్యదర్శి రిటైరై విజయవాడ వెళ్ళిపోతున్నాడంటే క్లబ్బులో వీడ్కోలు సభ పెట్టారు. కార్యదర్శిగా దండ నేనే వెయ్యాలి. అందరూ మెత్తబడ్డారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆయన నా ముందు మెడ వంచాడు. దగ్గరి నుంచి చూస్తే మెడ మీద చర్మం ముడతలు పడి ఉంది. దండ వేశాను. ఆయన ఏదో అనబోయాడు. "ఏమ్మా, ఇంకా కోపం..." అని ఆగిపోయాడు. అవును సార్, ఇంకా ఉంది అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేలా.

తర్వాత లూనా స్టార్టు చేసుకుని రేంజికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం అమ్మాయిలకు సెలక్షన్లు ఉన్నాయి.