ఆగని రొట్టె చప్పుడు

నా చిన్నప్పుడు బషీరాబాద్ దగ్గరి మా ఊళ్ళో, పొద్దుగూకే వేళ ఏ వాకిట్లో నిలబడినా జొన్నరొట్టెలు తట్టే చప్పుడు వినిపించేది. నాపబండ మీద పిండిముద్ద పెట్టి అరచేత్తో టపటపా తట్టడం, రొట్టె పెద్దదయ్యాక ఎత్తి పెనం మీద వేయడం, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టపటపా. ఏ ఇంటి కోడలు చురుకో, ఎవరికి బద్ధకమో ఆ చప్పుడును బట్టే చెప్పేవాళ్ళు మా ఆడవాళ్ళు. పక్కవాళ్ళ వంటింటి సంగతులంటే చెవి కోసుకునే ఊరు మాది.

ఆ ఏడు వానలు లేవు. కంది నిలువునా ఎండిపోయింది, జొన్న కంకి పట్టలేదు. మాకు పాతరలో పాతజొన్నలు ఉన్నాయి కాబట్టి ఎలాగో గడిచేది. పక్కింటి అక్క వాళ్ళది గొర్రెలు కాసుకునే ఇల్లు. బావ మేత కోసం మందను తోలుకుని కర్ణాటక వైపు వెళ్ళాడు, మళ్ళీ కబురు లేదు. ఇంట్లో అక్క, ఆమె చంటిపిల్లాడు, అంతే. మా రెండిళ్ళకూ నడుమ ఒక్క మట్టిగోడ. మొదట్లో ఆ గోడ అవతల పిల్లాడి ఏడుపు తెరిపి లేకుండా వినపడేది. తర్వాత తగ్గిపోయింది. పిల్లాడు నెమ్మదించాడని మా అమ్మ సంతోషించింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

మా నాయనమ్మ రోజూ గోడ మీదుగా "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. "తిన్న అవ్వా, గిప్పుడే రొట్టెలు జేసిన" అనేది అక్క. మా వైపు ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఉండదు. తినకపోయినా తిన్నామనే చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అందరికీ తెలుసు. పైగా సాయంత్రమయ్యేసరికి రొట్టె చప్పుడు వినపడుతూనే ఉంది కదా, ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

ఒక సాయంత్రం ఆకలికి తాళలేక నాకు ఉక్రోషం వచ్చింది. "మనింట్ల ఇన్నే జేసి ఆపుతరు. అక్కోళ్ళింట్ల జూడు, ఆపకుండ జేస్తనే ఉన్నది" అన్నాను. పిండి కలుపుతున్న నాయనమ్మ చేయి ఆగిపోయింది. తల వంచి గోడ వైపు చెవి పెట్టింది. టపటపా, టపటపా. రొట్టె చేసేవాళ్ళ చేయి నడుమ నడుమ ఆగాలి, ఎత్తి పెనం మీద వేయాలి కదా! ఇది ఎంతకీ ఆగడం లేదు. మేము వినాలని అక్క ఉత్త బండను తడుతోంది. నాకు అప్పుడు ఏమీ అర్థం కాలేదు గాని, నాయనమ్మ ముఖం చూసి భయమేసింది.

ఆమె పొయ్యి మీది మంచి మట్టిపెనం దించి, పెరట్లోకి తీసుకెళ్ళి రోలుకేసి కొట్టింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. ఆ ముక్కలు అక్కడే వదిలేసి, పిండి గిన్నె చంకన పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి నడిచింది. "మా పెంక పలిగింది బిడ్డా. జర మీ పొయ్యి మీద నాలుగు రొట్టెలు జేస్కుంట" అంది. అక్క గడపలో నిలబడి ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత పక్కకు జరిగింది. లోపల పొయ్యిలో బూడిద కూడా చల్లారిపోయి ఉంది. పిల్లాడు కళ్ళు తెరిచే ఉన్నాడు, ఈగ వాలినా రెప్ప కొట్టడం లేదు. నాయనమ్మ ముందు పల్చగా గంజి కాచింది. వేలితో ముంచి వాడి పెదాలు తడుపుతూ కూర్చుంది. వాడు గుటక వేశాకే రొట్టెల పిండి ముందుకు లాక్కుంది.

వాడు బతికాడు. పొయ్యి వాడుకున్నందుకని నాయనమ్మ రోజూ సగం రొట్టెలు అక్కడే వదిలేది. తాండూరు సంతలో కొత్త పెనం కొనుక్కొస్తానన్న తాతయ్యను కసిరింది. తొలకరికి బావ తిరిగొచ్చే దాకా మా ఇంట్లో పెనమే లేదు. కానీ ఆ ఎండాకాలంలోనే మా ఊరి అవతలి చివర ఒక తల్లీ బిడ్డా పోయారు. వాళ్ళ గోడ పక్కన వినేవాళ్ళు లేరు. ఆ కబురు తెలిసిన పూట నాయనమ్మ ముద్ద ముట్టలేదు. "నా చెవు ఒక్క గోడ దాంకనే పోతది బిడ్డా" అని ఏడ్చింది.

ఇప్పుడు నాకూ ఆమె వయసొచ్చింది. రాష్ట్రంలో ఎవరూ పస్తుండకుండా ఏం చేయాలో ఆలోచించి, ప్రభుత్వాన్ని అడిగే ఒక సంఘంలో ఉన్నాను. తాండూరులో రైలెక్కి హైదరాబాద్ వెళ్తుంటాను. వలస పోయిన చోట కూడా రేషన్ అందాలంటాం, అంగన్‌వాడీలో పిల్లల తిండి ఒక్క రోజూ ఆగకూడదంటాం. అన్నిటికంటే ముందు, ఇంటింటికీ వెళ్ళి "తిన్నారా?" అని అడగడం మానమని మా సంఘంవాళ్ళతో నేను పోట్లాడతాను. నిన్న ఏం వండారో అడగండి, పొయ్యి దాకా వెళ్ళి కూర్చోండి అంటాను. రొట్టెల పెద్దమ్మ మళ్ళీ మొదలుపెట్టిందని నవ్వుకుంటారు. నవ్వనీ.

ఈ ఏడు మళ్ళీ వానలు ముఖం చాటేశాయి. మొన్నటి సమావేశంలో ఒక్కో మండలం నుంచి వచ్చినవాళ్ళు లేచి చెప్పారు. మా దగ్గర అందరూ తింటున్నారు. మా దగ్గరా అంతే. మాకైతే ఏం ఫికర్ లేదు. ఒకరి వెంట ఒకరు, ఎక్కడా తడుముకోకుండా, నడుమ ఊపిరైనా తీసుకోకుండా. నేను లేచి నిలబడి, "జర ఆగుండ్రి, గీ చప్పుడు నేను ఇంతకుముందు ఇన్న" అన్నాను.

అందరూ తిన్నారన్న మాట అలా ఆగకుండా వినిపించినప్పుడల్లా, నేను ఇప్పటికీ గోడ అవతల పిల్లాడి ఏడుపు కోసం చెవి ఒగ్గుతాను. అది వినపడకపోతేనే నాకు భయం.