తాత మోచేతి కింద

మా తాత యోరిస్‌కు థాయ్ భాష బాగా వచ్చునని ఊళ్ళో గట్టిగా నమ్మినవాడు ఒక్కడే. అది మా తాతే.

నదిలో ఇసుక తోడే యంత్రం బిగించడానికి హాలండు నుంచి వచ్చాడట. బిగించడం అయిపోయింది, కూడా వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, ఈయన ఉండిపోయాడు. అప్పటికి మా అమ్మ కూడా పుట్టలేదు. అప్పటినుంచి సకెక్రాంగ్ నది మీద మా అమ్మమ్మ లమియత్ తెప్ప ఇంట్లోనే కాపురం, పడవ ఇంజన్లు బాగుచేయడమే పని. మనిషి మా గుమ్మం కన్నా పొడుగు. గుమ్మం పైకమ్మికి నడిమధ్య నున్నటి గుంట ఒకటుంది. అది ఆయన నుదురు తవ్వినదే. ఇన్నేళ్ళలో చెక్క అరిగింది గానీ తాత వంగడం నేర్చుకోలేదు. భాష విషయంలోనూ అంతే. మా మాటకు ఎత్తులూ పల్లాలూ ఉంటాయి. ఆయన నోట్లో పడితే రోడ్డు రోలరు తొక్కినట్టు అంతా చదునైపోతుంది.

అయినా ఆయన బజారుకు వెళ్తే పనులన్నీ జరిగిపోయేవి. ఎలాగంటే, ఆయన మోచేతి కింద ఎప్పుడూ అమ్మమ్మ ఉండేది. ఆవిడ తల సరిగ్గా అంతవరకే వస్తుంది. తాత కొట్టు ముందు నిలబడి గంభీరంగా ఏదో సెలవిస్తాడు. కొట్టువాడు "అలాగే తాతా" అంటూ తాత మొహం వైపు చూడడు, మోచేతి కిందికి చూస్తాడు. అక్కడ అమ్మమ్మ నిమ్మకాయలు చూపించి, వేళ్ళు మడిచి ఎన్నో చెప్పి, కుళ్ళినవి ఇవ్వొద్దని కళ్ళెర్రజేస్తుంది. కొట్టువాడు అన్నీ కట్టిచ్చి, "అబ్బ, థాయ్ ఎంత బాగా మాట్లాడతారండీ!" అంటాడు. తాత మురిసిపోయి ఇంటికొచ్చి అదే గుమ్మానికి నుదురు కొట్టుకుంటాడు. ఎవరి మోచేతి కింద ఎవరు నీళ్ళు తాగుతున్నారో ఊరంతటికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఇంకో సంగతి. మా దగ్గర పిల్లనడగడానికి వెళ్ళే పెద్దలు చక్కగా కలిసి కాపురం చేస్తున్న జంట అయ్యుండాలి. విడిపోయినవాళ్ళు పనికిరారు. నది మీద అలాంటి జంట అంటే అందరూ మా తాతనూ అమ్మమ్మనూ చూపిస్తారు. వీళ్ళెప్పుడూ పోట్లాడుకోలేదని పేరు. మా అమ్మమ్మ తిట్టని రోజు లేదు. ఆయనకు తెలిస్తే కదా పోట్లాట!

ఆ పేరు వల్లే ఈ చిక్కంతా వచ్చింది. మా అన్నయ్య వుత్, సుమేధ్ మాస్టారి కూతురు ఫ్రేని చేసుకుంటానన్నాడు. ఈ సంగతి మాస్టారికి ఇంకా తెలియదు. తెలియకుండానే ఆయన చియాంగ్‌మాయ్‌లో ఎవరో ఆఫీసరు కొడుకుని చూసిపెట్టాడు. ఆషాఢ పున్నమి దాటి భిక్షువుల వర్షాకాలపు వ్రతం మొదలైతే మూడు నెలలు పెళ్ళిమాట ఎత్తకూడదు. వ్రతం ముగియగానే ఆఫీసరు తరఫువాళ్ళు వస్తారు. అంటే మేం ఈలోపే అడగాలి. మా అమ్మానాన్నా విడిపోయి చెరో ఊళ్ళో ఉన్నారు కాబట్టి వాళ్ళు అడగడానికి లేదు. మిగిలింది తాత, అమ్మమ్మ.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ ఒడ్డుకు వేసిన పలక మీద నాచు తొక్కి పడింది. కాలు విరిగింది. తొడదాకా కట్టు కట్టి, మంచం దిగొద్దన్నారు.

మర్నాడు తాత ఒంటరిగా బజారుకు వెళ్ళాడు. ఎండుచేపలు, నిమ్మకాయలు, మంచుగడ్డ తెమ్మంటే మామిడిపండుతో తియ్యటి అన్నం తెచ్చాడు. మళ్ళీ పంపాం. మళ్ళీ మామిడిపండూ తియ్యటి అన్నమే. తెల్లతోలు మనిషికి ఏం కావాలో మా బజారంతటికీ పుట్టుకతోనే తెలుసు. ఇక ఆయన నోటితో పనేముంది?

తాత అయోమయంగా మంచం పక్కన కూలబడి ఏదో అన్నాడు.

"ఏమంటన్నాడు?" అన్నాను.

"ఊరందరికీ ఒక్కసారే చెవుడొచ్చిందేమిటి అంటన్నాడు," అంది అమ్మమ్మ. "పాపం."

"అమ్మమ్మా, రేపు మాస్టారింటికి తాతతో నేను వెళ్తాగా. తాత మాట నీకెలా అర్థమవుద్దో నాకూ నేర్పు."

"అర్థమవడమా? ఎవరికే?" అంది. "సగం అర్థమవుద్ది. మిగతా సగం నేను చెప్పేస్తా. ఆయన నోరు తెరవంగానే ఆ చోట ఏం మాట్లాడాలో ఆలోచించి అది చెప్పెయ్. అంతే విద్య."

"ఇన్నేళ్ళూ ఇదేనా నువ్వు చేసింది?"

"నీళ్ళ మీద ఇల్లు నిలవట్లా? ఇదీ అంతే. పోయి అరటిగెల కడిగిపెట్టు."

మాస్టారంటే నాకు భయమే. నేను ఆరో తరగతిలోనే బడి మానేయడానికి సగం కారణం ఆయన వ్యాకరణం. మిగతా సగం నా బుర్ర. అలాంటి మనిషి ముందు మా తాత థాయ్! తాత మాత్రం తెల్లచొక్కా వేసుకుని, గోళ్ళలో గ్రీజు అలాగే ఉంచుకుని, అరటిగెల భుజాన వేసుకుని బయల్దేరాడు. దారిపొడవునా పాఠం వల్లించుకుంటున్నాడు. నేను చెవి పెట్టి విన్నాను. ఒక్క ముక్క పట్టుబడితే ఒట్టు.

మాస్టారి వాకిట్లోకి వెళ్ళి తాత గెల దించి, రెండు చేతులూ జోడించి మొదలుపెట్టాడు. నేను చప్పున మోచేతి కిందికి దూరాను. నోరు తెరిచానో లేదో, మాస్టారి భార్య నా జబ్బ పట్టుకుని, "కుంగ్! నువ్వేనా? ఎంత ఎదిగిపోయావే! రా రా, కూరలో ఉప్పు సరిపోయిందేమో చూద్దువుగాని," అంటూ వంటింట్లోకి లాక్కెళ్ళింది. పెద్దావిడ చెయ్యి విదిలించుకోలేను గదా.

నేను బయటికొచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. పెరట్లో గొంతులు వినిపించాయి. వెళ్ళి చూస్తే తాత నీళ్ళ పంపు గోతిలో నడుందాకా దిగి ఉన్నాడు. మాస్టారు పైనుంచి టార్చి పట్టుకుని గౌరవంగా వంగి నిలబడ్డాడు. తాత పానా తిప్పుతూ ఆపకుండా ఏదో చెబుతున్నాడు. మాస్టారు తల ఊపుతున్నాడు.

"మాస్టారూ, తాత ఏమన్నాడు?" అన్నాను.

"మీ తాత థాయ్ చాలా బాగుందమ్మా," అన్నాడు మాస్టారు.

మా ఊళ్ళో ఆ మాటకు ఒక్క ముక్కా అర్థం కాలేదనే అర్థం. ఇంజన్ల తాత ఇంటికొచ్చాడంటే దేనికొస్తాడు? నెలరోజులుగా పంపు పాడై ఉంది, ఎవరో చెప్పి పంపారనుకున్నాడు మాస్టారు. తిన్నగా తీసుకెళ్ళి గోతిలో దింపాడు. తాతేమో, పిల్లనివ్వడానికి ముందు మగపెళ్ళివారి పనితనం చూసే ఆచారం కాబోలనుకున్నాడు. పంపు కొత్తదానిలా ఆడింది. చేతినిండా పనసతొనలు ఇచ్చి మమ్మల్ని సాగనంపారు. వాకిట్లో ఫ్రే నా వంక చూసి కనుబొమలెగరేసింది. నేను పనసతొనలు చూపించాను. ఇంకేం చూపించను?

ఇంటి దగ్గర వుత్ పలక మీదే కాచుకుని ఉన్నాడు.

"ఏమన్నారు తాతా?"

తాత గర్వంగా బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ఒప్పుకున్నారా!"

"దేనికి ఒప్పుకున్నారో కనుక్కోరా ముందు," అన్నాను. జరిగింది చెప్పేసరికి వుత్ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. తాత ఒకసారి వాణ్ణీ, ఒకసారి నన్నూ చూశాడు. ఇంత శుభవార్త తెస్తే వీళ్ళెందుకు ఏడుస్తున్నారో ఆయనకు తోచలేదు.

అమ్మమ్మ లోపల్నుంచి కేకేసింది. "ఏడవడం మాని నన్ను పడవలోకి ఎత్తండి!"

తెల్లారాక పరుపుతో సహా ఎత్తాం. కట్టు కట్టిన కాలు పడవ ముక్కు మీదుగా ఫిరంగిలా ముందుకు చాచుకుని ఉంది. వుత్ ఇంజన్ పట్టాడు, తాత మధ్యలో కూర్చున్నాడు. మాస్టారి రేవు మెట్ల దగ్గర ఆపేసరికి ఆయనే దిగి వచ్చాడు. వెనక ఫ్రే, వాళ్ళమ్మ.

"మాస్టారూ, నిన్న మా ఆయన వచ్చిన పని..." అని అమ్మమ్మ అందుకుంది.

మాస్టారు బళ్ళోలాగా చెయ్యెత్తాడు. "ఆగండక్కా. నిన్న ఆయన గోతిలోంచి చాలాసేపు నాతో ఏదో చెప్పాడు. నేను తల ఊపుతూ ఉండిపోయాను. నిద్ర పట్టలేదు. పిల్లలకు మాట నేర్పి బతికినవాణ్ణి, ఎదుటి మనిషి చెప్పేది వినకుండా తల ఊపుతానా? ఇవాళ ఆయనే చెప్పాలి. మీరు వెనక నిలబడకూడదు."

"నిలబడ్డానికి కాలెక్కడేడిచింది నాకు!" అంది అమ్మమ్మ. కానీ నోరు మూసుకుంది. నాకు తెలిసి ఆవిడ తాత పక్కనుండి నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

తాత వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత మెట్ల వైపు తిరిగాడు. మొదలుపెట్టాడు. ఒక మాట, ఒక ఆగడం. ఒక ఇసుక పడవ మా పక్కనుంచి మొదలై వంపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆయన ఒక్క మాట కోసం వెతికాడు. మాస్టారు కదల్లేదు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎవరూ తొందరపెట్టకపోతే, ఎవరూ మధ్యలో పూర్తిచేయకపోతే, ఆ చదునైన మాటల్లోంచి కూడా అర్థం మెల్లగా పైకి తేలుతుందని నాకప్పుడే తెలిసింది.

"వుత్... మనవడు. ఇంజన్... విప్పుతాడు. బిగించడు. సగం. వదిలేస్తాడు. ఫ్రే... పిల్ల... వస్తుంది. కూర్చుంటుంది. చూస్తుంది. అప్పుడు... బిగిస్తాడు. పూర్తి. ఫ్రే లేదు... ఇంటినిండా... నట్లు." ఆగాడు. "పిల్లని... ఇవ్వండి."

"ఇదేం అడగడమయ్యా!" అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆడపెళ్ళివారి ముందు పిల్లాడి తప్పులు చెప్తావా! మావాడు వెండిచెట్టు, మీ పిల్ల బంగారుతీగ అని చెప్పాలి గానీ!"

ఇంజన్ దగ్గర వుత్ చెవులు మిరపపళ్ళయ్యాయి.

మాస్టారు కళ్ళు తెరిచి కూతురి వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నిజమే నాన్నా. ఒక కార్బురేటర్ నెలనుంచీ వుత్ దిండు కిందే ఉంది."

"దిండు కింద సంగతి నీకెలా తెలుసు?"

ఫ్రే చప్పున వాళ్ళమ్మ వెనక్కి జరిగింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఆఫీసరుగారి తరఫువాళ్ళు వాళ్ళబ్బాయిలో తప్పే లేదన్నారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అన్నాడు. "ఆషాఢ పున్నమి లోపల మంచిరోజు ఉందేమో గుడిలో పెద్ద భిక్షువుగారిని అడుగుతాను. ఆ కార్బురేటర్ మాత్రం ముందు బిగించాలి."

దారంతా వుత్ ఈల వేస్తూనే ఉన్నాడు. అమ్మమ్మ మాత్రం తెప్పమీదికి చేర్చి, పులుసు వేడిచేసి పెట్టినా ముద్ద ఎత్తలేదు. తాత వంకే చూస్తోంది, ఇంట్లోకి ఎవరో కొత్తమనిషి వచ్చినట్టు.

"ఏమయ్యా," అంది చివరికి. "మా నాన్న దగ్గరికి వచ్చావే, ఆనాడు. నేను నీ పక్కనే నిలబడ్డాను. నువ్వేదో అన్నావు. నన్ను చేసుకుంటానంటున్నాడని నేనే మా నాన్నకు చెప్పాను. అసలు నువ్వేమన్నావు?"

తాత చెంచా కింద పెట్టాడు. చాలాసేపు చెప్పాడు. చేత్తో ఏదో చక్రం తిప్పి చూపించాడు. నది వైపు చూపించాడు. అమ్మమ్మ వైపు చూపించాడు. మళ్ళీ చక్రం తిప్పాడు. ఆఖర్న నవ్వి, నుదుటి మీది బొడిపె తడుముకున్నాడు.

ఆనాడు వచ్చింది పిల్ల కోసమో, ఇంజనుకు పంకా బెల్టు కోసమో నాకు తేలలేదు. అమ్మమ్మకూ తేలనట్టే ఉంది. కళ్ళు ఇంత చేసుకుని నా వైపు తిరిగింది.

"ఏమంటన్నాడే కుంగ్?"

నేను తాత మోచేతి కిందికి జరిగి కూర్చున్నాను.

"పులుసు చల్లారిపోతోంది, తినమంటన్నాడు," అన్నాను.

అమ్మమ్మ చేతికందిన విసనకర్ర నా మీదికి విసిరింది. తర్వాత ముద్ద ఎత్తింది.